పున్నయ్య మోటారు వేసిందెవరు?

"ఒక్క ముక్కలో చెప్పండి బాబాయ్ గారూ. ఆ రోజు మీరు మోటారు వేశారా, లేదా?"

"వెయ్యలేదమ్మా."

"పోనీ పిన్నిగారు వేశారా?"

"ఆవిడ స్విచ్చి ముట్టుకోదు. ఇంట్లో మిక్సీ వెయ్యాలన్నా నన్నే పిలుస్తుంది."

"అయితే మోటారు తిరగలేదన్నమాట."

పున్నయ్య వాగువైపు చూశాడు. ఆకాశంవైపు చూశాడు. చివరికి తన చెప్పులవైపు చూసుకుని, "తిరిగిందమ్మా," అన్నాడు.

"ఎవరూ వెయ్యకుండానే?"

"దేవుడి లీల."

వినీల నోట్‌బుక్కు మూసేసింది. టైము ఎనిమిదీ ఇరవై. రేపు పదిన్నరకి నూజివీడు కోర్టులో జడ్జిగారు ఇదే ప్రశ్న అడుగుతారు. దేవుడికి సమన్లు పంపే పద్ధతి అక్కడ లేదు.

నూజివీడు బస్టాండుకి ఎదురుగా, జిరాక్సు షాపు మీద ఉన్న ఒంటిగదిలో 'వినీల ఇన్వెస్టిగేషన్స్' నడుస్తోంది. పన్నెండేళ్ళుగా ఆమెకి అన్నం పెడుతున్నవి పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి కోపం ఎక్కువా, పదెకరాల తోట అంటున్నారు గదా, అందులో సొంతం ఎంత, కౌలు ఎంత. ఈ కేసు అప్పగించిన లాయరు సువర్ణరాజు గారు, "ఇది కెమికల్ వ్యవహారం, నీకు కొత్తేమో" అని నసిగితే, "అబద్ధాలు పాతవే గదండీ" అని ఫైలు లాక్కుంది. ఇన్నేళ్ళలో ఆమెకి తెలిసొచ్చిన సంగతి ఒకటే. మనిషి ఎంత పెద్ద తప్పైనా ఒప్పుకుంటాడేమో గాని, నలుగురిలో తల దించుకోవాల్సిన చిన్న సంగతిని మాత్రం ప్రాణం పోయినా బయటపెట్టడు. పున్నయ్య ముఖంలో ఇప్పుడు కనిపిస్తున్నది అదే.

కేసు సంగతి పైకి తేలికే. పోయినేడు ఏప్రిల్ పదకొండు, తెల్లవారుజామున నాలుగూ యాభైకి, కొత్తరేగుంట ఊరి పక్కన కూర్మాద్రి కెమికల్స్ వాళ్ళ సొంత రైలు సైడింగ్‌లో ట్యాంకర్ల బండి పట్టాలు తప్పింది. రెండు ట్యాంకర్లు ఒరిగి ఆసిడ్ కారింది. అక్కడికి కిలోమీటరు దిగువన, వాగు ఒడ్డునే పున్నయ్య ఊటబావి. ఆ బావి నీళ్ళు తాగే నూటనలభై చిన్నరసం చెట్లు వారం తిరక్కుండా మాడిపోయాయి. ముప్పయ్యేళ్ళ నాడు అతను తన చేత్తో నాటిన చెట్లు.

నష్టపరిహారం ఇప్పించమని పున్నయ్య కోర్టుకెక్కాడు. కంపెనీ తరఫున డబ్బు కట్టాల్సిన ఇన్సూరెన్సు వాళ్ళు ఎదురు పిటిషన్ వేశారు. ఏప్రిల్లో వాగు ఎండిపోయి ఉంది గనక ఆసిడ్ యార్డు దాటే ప్రసక్తే లేదట. పున్నయ్యే ఒరిగిన ట్యాంకరు దగ్గర క్యాన్లతో పట్టుకొచ్చి, బావిలో పోసి, మోటారు వేసి, పరిహారం కోసం తన చెట్లని తనే చంపుకున్నాడట. సైడింగ్ వాచ్‌మన్ రాయప్ప దానికి సాక్షి. ఐదూ ఇరవైకి పున్నయ్య మోటారు చప్పుడు చెవులారా విన్నానని అఫిడవిట్ ఇచ్చాడు. పున్నయ్యేమో ఆ రాత్రి భార్యతో సహా మైలవరంలో తోడల్లుడి ఇంట్లో ఉన్నానంటాడు. దానికి సాక్షులు తోడల్లుడు, తోడల్లుడి పెళ్ళాం, తోడల్లుడి తల్లి. బండి పడి పదకొండు నెలలైంది, ఇద్దరు జడ్జీలు మారారు. రేపు ఇన్సూరెన్సు వాళ్ళ పిటిషన్ నెగ్గితే పరిహారం మాట అటుంచి, పున్నయ్య మోసం కేసులో జైలుకెళతాడు.

"షెడ్డు తాళం తియ్యండి," అంది వినీల.

"అందులో ఏముందమ్మా, బల్లులు."

"బల్లుల్నే చూస్తాను."

పున్నయ్య మొలతాడుకున్న తాళంచెవి కోసం రెండు జేబులూ వెతికాడు. జేబుల్లో లేదని మొలతాడుకి ముందే తెలుసు. షెడ్డు తలుపు తీశాక గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వినీల అతని చంక కిందనుంచి దూరి లోపలికి వెళ్ళింది.

గోడకి నీలం రంగు వేసిన చెక్క. చెక్క మీద మోటారు స్టార్టరు, మూడు ఫ్యూజులు, అగరొత్తులు గుచ్చిన పటం ఒకటి. ఎండా పొగా తగిలి చెక్క రంగు అంతా బూడిదలా వెలిసిపోయింది. స్టార్టరు పక్కన మాత్రం అరచేతంత మేర, నలుచదరంగా, నిన్న వేసినట్టు నిగనిగలాడే నీలం. నాలుగు మూలలా నాలుగు మేకుల కన్నాలు. స్టార్టరు నుంచి వచ్చే రెండు వైర్లు ఆ నీలం దాకా వచ్చి ఆగి, చివర్న నల్ల టేపు చుట్టుకుని ఉన్నాయి.

"ఇక్కడ ఏం ఉండేది బాబాయ్ గారూ?"

"క్యాలెండరు."

"క్యాలెండరుకి కరెంటు ఎందుకు?"

 పున్నయ్య నెత్తి మీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మార్చి మొదటి వారం, పొద్దున్న ఎనిమిదిన్నరకి అంత చెమట పట్టే ఎండేం లేదు.

వినీల ఇంక అడగలేదు. షెడ్డు బయటికొచ్చి చేతి గడియారం చూసుకుంది. ఆమె నిన్ననే చుట్టుపక్కల తోటల వాళ్ళందరికీ కబురు పెట్టింది. పున్నయ్యతో కలిపి ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఎనిమిది మంది రైతులు. "సాక్షి సంతకాలు కావాలి, తొమ్మిదికల్లా పున్నయ్య గారి మోటారు దగ్గరికి రండి" అని. సంతకాలు ఆమెకి అక్కర్లేదు. తొమ్మిది గంటలకి వాళ్ళు తమ తోటల్లో లేకుండా ఉంటే చాలు.

ఎనిమిదీ నలభైకి ఏడుగురూ వచ్చారు. వాళ్ళతోపాటు, పిలవని పేరంటానికి, తెల్ల బూట్లు వేసుకుని శ్యామ్ సుందర్ కూడా వచ్చాడు.

శ్యామ్ సుందర్ బెజవాడ మనిషి, ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళ ఇన్వెస్టిగేటరు. చేతిలో ట్యాబు, భుజాన డ్రోను పెట్టె, మెడలో మూడు ఐడీ కార్డులు. పోయిన సంవత్సరం చేపల చెరువు కేసులో వినీల రిపోర్టుని నాలుగు నిమిషాల్లో చీల్చి చెండాడాడు. ఆ నాలుగు నిమిషాలు ఆమెకి ఇంకా అరగలేదు.

"గుడ్ మార్నింగ్ మేడం. పెళ్ళి సంబంధాలు డల్‌గా ఉన్నాయా?"

"మూఢమండీ. అందుకని ఖాళీగా ఉండి మీలాంటి వాళ్ళ గురించి ఎంక్వయిరీ చేస్తున్నా."

"చెయ్యండి చెయ్యండి. స్టాటిస్టికల్‌గా చెప్పాలంటే మేడం, ఈ కేసులో అరవై మూడు క్లెయిములు. వాటిల్లో ఒకే గేదె చచ్చిపోయిందని మూడు కుటుంబాలు వేశాయి. ఆ గేదె ఇందాక నాకు దారిలో అడ్డొచ్చింది."

వెనక నిలబడ్డ ఏడుగురిలో ముగ్గురు మామిడి పిందెల్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.

"ఆ మూడూ నేనే కొట్టేయించాను," అంది వినీల. "గేదె సంగతి వదిలెయ్యండి. ఈ చెట్లు చూడండి. ఇవి కూడా మీకు అడ్డొచ్చాయా?"

చుట్టూ ఏడు తోటలూ పిందె కట్టి ఉన్నాయి. మధ్యలో పున్నయ్య చెట్లు నూటనలభై, ఒక్క ఆకు లేకుండా, బెరడు లేచిపోయి నిలబడి ఉన్నాయి. శ్యామ్ సుందర్ వాటివైపు ఒక్కసారి చూసి ట్యాబులోకి తల దించాడు.

"చెట్లు చచ్చిపోలేదని నేను అనలేదు. ఎవరు చంపారన్నదే ప్రశ్న. మిగతా ఏడు తోటలూ పచ్చగా ఉన్నాయి. ఆసిడ్ నిజంగా ఊరి మీదికి వస్తే ఒక్క పున్నయ్య గారి మీదే పగబట్టిందా?"

"వాళ్ళవి ఏడూ బోర్లు. వాగు పక్క ఊటబావి ఈయనకొక్కడికే ఉంది. వాగులో ఏది పారినా ముందు ఈ బావిలోకే ఊరుతుంది."

"ఊరిందే అనుకోండి. బావిలో ఉన్నది చెట్టు మొదట్లోకి ఎలా వచ్చింది? మోటారు వేస్తే వచ్చింది. మోటారు వేసిందెవరు? ఆ ఒక్కదానికీ జవాబు చెప్పండి, నేను డ్రోను సర్దుకుని వెళ్ళిపోతాను." అతను షెడ్డు గుమ్మాన్ని బూటుతో తట్టాడు. "మోటారు దానంతట అది తిరగదు కదా మేడం!"

వినీల చేతి గడియారం చూసుకుంది. ఎనిమిదీ యాభై తొమ్మిది.

"ఆ మాట ఇంకోసారి గట్టిగా అనండి," అంది.

"అంటాను. రేపు కోర్టులో కూడా అంటాను. మనిషి చెయ్యి పడకుండా ఏ మోటారూ దానంతట అది..."

ఎడమపక్క తోటలో 'టక్' మని చప్పుడై, గుర్రుమంది ఒక మోటారు. వెంటనే కుడిపక్కన ఇంకోటి. వాగు అవతల రెండు. పంచాయతీ రోడ్డు పక్కన రెండు. అన్నిటికన్నా దూరంలో, చర్చి వెనక తోటలో, ఒక ముసలి మోటారు రెండుసార్లు దగ్గి మరీ అందుకుంది. వినీల వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. ఏడు. మోటార్ల యజమానులు ఏడుగురూ ఆమె ఎదురుగానే, చేతులు కట్టుకుని ఉన్నారు.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే ఒకాయన, "మా బావమరిదికి చెప్పొచ్చానండీ, వాడు వేసుంటాడు" అన్నాడు. పక్కనే నిలబడ్డ బావమరిది, "నేనిక్కడే ఉన్నా గదా బావా" అన్నాడు.

"పాపం, కరెంటు రాగానే ఏడు మోటార్లూ దేవుడి లీలే," అంది వినీల. "ఆటో స్టార్టర్లు కదండీ?"

ఆటో స్టార్టరు అంటే అరచేతంత డబ్బా. మోటారుకి తగిలిస్తే త్రీఫేజు కరెంటు వచ్చిన క్షణాన అదే మోటారు వేసేస్తుంది. రైతు మంచం దిగక్కర్లేదు. చిక్కల్లా, అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ఈ ఎనిమిది మంది ట్రాన్స్‌ఫార్మరూ బండి పడటానికి ముందు ఏడాది రెండుసార్లు కాలింది. రెండోసారి లైన్‌మన్ ఫణి, "ఆటో స్టార్టరు కనపడిందంటే కనెక్షను పీకేస్తా" అని మైకులో చెప్పాడు. ఎనిమిది మందీ చేరి, హిందువులు కర్పూరం ఆర్పి, క్రైస్తవులు బైబిలు మీద చెయ్యి పెట్టి, ఇంక వాడబోమని ప్రమాణం చేశారు. ఫణి నిన్న సాయంత్రం వినీలకి ఆ కథంతా చెప్పి, చివర్న చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూశాకే ఆమె కబుర్లు పెట్టింది.

ఇప్పుడు అందరికన్నా ఆశ్చర్యపోయినవాడు పున్నయ్య. నోరు తెరిచి ఏడు దిక్కులా విన్నాడు. ముఖం ఎర్రబడింది.

"ఒరేయ్, అందరూ పెట్టుకున్నార్రా?"

ఏడుగురూ తమ తోటలవైపు తలలు తిప్పుకున్నారు.

"నేనొక్కణ్ణే ప్రమాణం తప్పాననుకున్నానురా! నా చేతకానితనానికి, నా బద్ధకానికి ఆ దేవుడు నా చెట్లని మాడ్చేశాడనుకున్నా. పదకొండు నెలలు! రాత్రిళ్ళు నిద్ర లేదు. లాయరుగారికి చెప్పలా, ఈ అమ్మాయికి చెప్పలా. చెప్తే మీ ఏడుగురూ నా మొహాన ఊస్తారని జైలుకెళ్ళడానికి గూడా సిద్ధపడ్డా. మీరేమో..."  తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నిజంగానే ఏడ్చాడు.

బావమరిది గలాయన వచ్చి పున్నయ్య భుజం మీద చెయ్యేశాడు. "తప్పయింది మావయ్యా. నువ్వు తీసేశావేమోనని మేం నీకు దాచాం."

వినీలకి నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. ఏ సంగతి చెబితే తను బయటపడతాడో సరిగ్గా దాన్నే ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాడు ఈ మనిషి.

"డబ్బా ఎక్కడుంది బాబాయ్ గారూ?"

జవాబు వెనకనుంచి వచ్చింది. పున్నయ్య భార్య గోవిందమ్మ గట్టు మీద నిలబడి ఉంది. చంకలో ఆవకాయ జాడీ.

"ఇందులో ఉందమ్మా. ఆ రోజు మధ్యాన్నం మైలవరం నుంచి వచ్చేసరికి మోటారు తిరుగుతానే ఉంది, పాదుల్లో నురగ. ఈయన ఆపేసి, ఇది పీకి, ఎక్కడన్నా దాచవే అన్నాడు. పోయినేడు కాయలు లేవు గదా, ఆవకాయ పెట్టలా. జాడీ ఖాళీగా ఉందని ఇందులో వేశా." పాతచీర ముక్కలో చుట్టిన డబ్బాని తీసి వినీల చేతిలో పెట్టింది. వెనక నాలుగు మూలలా నాలుగు మేకులు తుప్పుపట్టి అలాగే ఉన్నాయి.

శ్యామ్ సుందర్ డబ్బా తీసుకుని షెడ్డులోకి వెళ్ళి, నీలం ముక్క మీద పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. మేకులు కన్నాల్లో దిగాయి. ఫొటో తీసుకున్నాడు. ఆ తర్వాత, ఓడిపోయినవాడి ముఖంతో కాకుండా, చివరి పేక ముక్క దాచుకున్నవాడి ముఖంతో బయటికొచ్చాడు.

"ఒప్పుకుంటున్నా మేడం. ఆటో స్టార్టరు ఉంది. కరెంటు రాగానే మోటారు తిరిగింది. బాగుంది. కరెంటు ఎప్పుడు వస్తుందీ ఇక్కడ?"

"తొమ్మిదికి. మీరే విన్నారు గదా."

"పోయిన ఏప్రిల్లోనూ తొమ్మిదేనా?"

"మా తోటలది కరెంటు రెండో గ్రూపు, దానికి ఎప్పుడూ తొమ్మిదేనండీ," అన్నాడు బావమరిది, సాయం చేస్తున్నాననుకుని.

"మరి మోటారు తిరిగింది ఐదూ ఇరవైకి! తొమ్మిదికి రావాల్సిన కరెంటుతో ఐదింటికి ఏ డబ్బా మోటారు వేస్తుందండీ?"

ఒక్క క్షణం వినీలకి చేపల చెరువు వాసన వచ్చింది. అతను అన్నదాంట్లో తప్పేం లేదు. ఆమె అఫిడవిట్ కాపీ తీసి మళ్ళీ చదివింది. ఐదూ ఇరవై. రాయప్ప వేలిముద్ర కాదు, చక్కటి సంతకం. చదువుతుండగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"శ్యామ్ సుందర్ గారూ, కరెంటు లేనప్పుడు డబ్బా మోటారు వెయ్యదు. నిజమే. పున్నయ్య గారు చేత్తో నొక్కితే మాత్రం వేస్తుందా?"

అతను ట్యాబులో అఫిడవిట్ తెరిచాడు.

"కరెంటు తొమ్మిదికే వచ్చి ఉంటే మీ సాక్షి విన్నది అబద్ధం. ఐదింటికే వచ్చి ఉంటే మా బాబాయ్ గారి డబ్బా నిజం. రెంటిలో ఏది మీక్కావాలి?"

"ఎప్పుడొచ్చిందో రాసి ఉంటుంది కదా," అన్నాడు నెమ్మదిగా.

"సబ్‌స్టేషన్ రిజిస్టర్లో."

ఇద్దరూ ఒక్కసారే బయల్దేరారు. అతని కారు గట్టు మలుపు దగ్గర, చనిపోయినట్టు ముగ్గురు ప్రమాణపూర్వకంగా చెప్పిన ఆ గేదె వెనకే ఎనిమిది నిమిషాలు నడిచింది. వినీల స్కూటర్ మీద పక్కనుంచి వెళ్ళిపోతూ చెయ్యి ఊపింది.

* * *

సబ్‌స్టేషన్లో షిఫ్టు ఆపరేటరు కీర్తిప్రియ. రెడ్డిగూడెం పిల్ల, ఇరవై ఆరేళ్ళుంటాయి. ఉద్యోగంలో చేరింది పోయినేడు మార్చిలో, అంటే బండి పడటానికి నెల ముందు. వినీల ఇచ్చిన దరఖాస్తు తీసుకుంది, ముద్ర వేసింది, నంబరు వేసింది, విజిటర్ల పుస్తకం ముందుకు తోసింది. ఈలోగా శ్యామ్ సుందర్ కూడా రొప్పుకుంటూ వచ్చాడు.

"వచ్చిన టైము రాయండి సార్."

అతను పదీ ఐదు అని రాశాడు.

"పదీ తొమ్మిదండీ." ఆమె అతని అంకె కొట్టేసి తను వేసింది. "మీరు కారు దిగేటప్పుడు గోడ గడియారం చూశాను. నా షిఫ్టులో రాసింది రాసినట్టే ఉండాలి."

వినీలకి ఆ పిల్ల మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

పోయినేడు ఏప్రిల్ రిజిస్టరు బీరువా అడుగునుంచి వచ్చింది. కీర్తిప్రియ అట్ట మీది దుమ్ము దులిపి, పదకొండో తేదీ పేజీ తీసింది. గుండ్రటి చేతిరాత, కొట్టివేత ఒక్కటి లేదు. వినీల వేలు కిందనుంచి పైకి వెతికింది.

"ఇదిగో. ఐదూ పద్దెనిమిది. రెండో గ్రూపు ఫీడరు ఆన్."

శ్యామ్ సుందర్ ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. నిటారుగా నిలబడి, మెడలోని మూడు ఐడీ కార్డులూ సర్దుకున్నాడు. "పున్నయ్య గారు వెయ్యలేదు. నా రిపోర్టు తప్పు," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైనట్టుంది గాని, అనేశాడు. వినీలకి చేపల చెరువు అక్కడితో అరిగిపోయింది.

"ఎందుకు ముందిచ్చారమ్మా ఆ రోజు?" అడిగింది.

"రాశాను గదండీ పక్కన. ఐదూ పదికి రాయప్ప ఫోను. సైడింగ్ పక్కన ఆయన పేరు మీద అరెకరం, దానికో వ్యవసాయ మోటారు ఉన్నాయి. బండి పడి ఆసిడ్ కారింది, ఆ మోటారుతో కడిగెయ్యాలి, ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి అన్నాడు. ఏఈ గారిని అడిగి ఇచ్చాను. ఫీడరు లైను ఒకటే గనక రెండో గ్రూపు అంతటికీ వచ్చేసింది."

వినీల కళ్ళు మూసుకుంది. ఎండిన వాగు. కరెంటు రాగానే ఎగువన రాయప్ప మోటారు, దిగువన పున్నయ్య మోటారు. అక్కడ ఆసిడ్ని నీళ్ళతో కలిపి వాగులోకి నెడుతుంటే, ఇక్కడ బావిలోకి ఊరినదాన్ని ఊరినట్టు చెట్లకి పోసింది. యార్డు దాటలేదన్న ఆసిడ్ని కంపెనీయే చేతులారా దాటించింది. ఐదూ ఇరవైకి రాయప్ప విన్న మోటారు చప్పుడు తన మోటారుదే.

"రేపు మీరు కోర్టుకి రావాలమ్మా," అని ఆగింది. వేలు పేజీ మీదే ఉంది. ఐదూ పది కింద కాదు, దానికి పైన ఇంకో రెండు వరసలున్నాయి. "ఇదేంటి?"

"అది లైను ట్రిప్పయి కరెంటు పోవడమండీ. నాలుగూ యాభై. ట్యాంకరు పడి కంపెనీ లైను స్తంభం విరిగింది. అప్పుడే గదా బండి పడింది."

"దాని పైన?"

"నాలుగూ ముప్పై ఐదు. రాయప్ప మొదటి ఫోను. యార్డు కడగాలి, కరెంటు ఇమ్మన్నాడు."

 ముందు తేరుకున్నది శ్యామ్ సుందర్.

"మీ గడియారం తప్పేమో. ఇరవై నిమిషాలు వెనక నడుస్తుంటే..."

"రెండూ ఒకే గడియారం చూసి రాసిందే సార్. తప్పైతే రెండూ తప్పవుతాయి. ఫోను వరస పైన ఉంది, ట్రిప్పు వరస కింద ఉంది. కింద రాశాక పైన రాయడానికి చోటెక్కడుంది?"

చోటు లేదు. ఇద్దరూ వంగి చూశారు. వరసల మధ్య సూది దూరే సందు లేదు.

"బండి పడకముందే ఆసిడ్ కడగడానికి కరెంటు అడిగాడు," అన్నాడు శ్యామ్ సుందర్. గొంతు మారిపోయింది. "అంటే ఆసిడ్ కారింది బండిలోంచి కాదు. యార్డులో ట్యాంకు ఏదో ముందే పగిలింది. ట్యాంకు పగిలితే మా పాలసీ వర్తించదు. బండి పడితే వర్తిస్తుంది."

"మొదటి ఫోనుకి నువ్వేం చెప్పావమ్మా?" అంది వినీల. "మాట మాట గుర్తు తెచ్చుకో."

కీర్తిప్రియ ఆ వరసవైపు చూస్తూ ఉండిపోయింది. తను రాసిందే, పదకొండు నెలల నాడు రాసిందే, ఇప్పుడే మొదటిసారి చదువుతున్నట్టు. 

"కుదరదన్నానండీ. టైము కాకుండా సప్లై ఇవ్వం అన్నాను. బతిమాలాడు. రూల్సు చెప్పాను." పెన్ను ఆ వరస మీద ఆనించింది. "ఎక్కడైనా ప్రమాదం జరిగితే తప్ప ఇవ్వను అన్నాను. 'సరేనమ్మా' అని పెట్టేశాడు."

సరిగ్గా పదిహేను నిమిషాల తర్వాత ప్రమాదం జరిగింది.

టేబులు మీద ఆఫీసు సెల్‌ఫోను మోగింది. తెర మీద 'రాయప్ప సైడింగ్' అని పేరు. కీర్తిప్రియ వినీలవైపు చూసింది. వినీల తల ఊపింది. శ్యామ్ సుందర్ చప్పుడు చెయ్యకుండా రిజిస్టరు మూసి, తన చొక్కాలోకి దోపుకుని, స్పీకరు బటను నొక్కాడు.

"అమ్మాయ్," అన్నాడు రాయప్ప, తాపీగా. "ఆ స్కూటరావిడా, తెల్ల బూట్లాయనా లోపలే ఉన్నారు గదా?"

"ఉన్నారండీ. ఏం?"

"ఏం లేదమ్మా. ఉండనీ. బయట గేటుకి తాళం ఇప్పుడే వేశాం."